దేవుణ్ణి నమ్మని మాస్టారు వద్దన్న టీకా

టీకాకి అడ్డుపడేది ఎవరమ్మా అని అడిగితే మీరు ట్రైనింగు పాఠం గడగడా ఒప్పజెప్పేస్తారు. మూఢనమ్మకాల వాళ్లు, మతం ముదిరిన వాళ్లు, చదువులేని వాళ్లు. నాకూ అదే పాఠం చెప్పారు తల్లీ. నేనూ అది నమ్మే ఐస్ బాక్సు భుజాన తగిలించుకుని విజయవాడ సందులన్నీ తిరిగాను. ఆ పాఠం తప్పని నాకు తెలిసొచ్చింది ఒక నాస్తికుడి ఇంటి దగ్గర. తెలిసొచ్చిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు కాబట్టి మీకు చెబుతున్నాను. పేర్లు మాత్రం అడగొద్దు, చచ్చినా చెప్పను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మాట. పటమటలో ఒక చిన్న ఆరోగ్య కేంద్రంలో నేను హెల్త్ విజిటర్ని. కేంద్రం అంటే పెద్దగా ఊహించుకోకండి. అద్దె ఇంటి ముందు గది, రెండు బల్లలు, ఒక ఫ్రిజ్జు. ఆ ఫ్రిజ్జులో టీకా మందులు తప్ప పెరుగు గిన్నెలు పెట్టకూడదని నేను అరవని రోజు లేదు. పెట్టేవాడు మా హెల్త్ అసిస్టెంటు. పనిమంతుడే, కానీ తిండి దగ్గర మాత్రం ఎవరి మాటా వినడు. కార్తీకం వచ్చిందంటే నల్లబట్టలు కట్టి అయ్యప్ప మాల వేసేవాడు. మాల వేశాక అందరూ స్వామీ అని పిలవాలి. ఆదివారం ఆరాధన మానని క్రైస్తవురాల్ని నేను, నేను కూడా "ఆ పెరుగు గిన్నె తియ్యి స్వామీ, నీకు పుణ్యముంటుంది స్వామీ" అని బతిమాలుకునేదాన్ని.

మా జట్టులో మూడో మనిషికి జీతం లేదు. ఆయన మా పక్క సందులో ఉండే సైన్సు మాస్టారు. హైస్కూల్లో చేసి రిటైరయ్యారు. పక్కా నాస్తికుడు. ఊళ్లలో సభలు పెట్టి నిప్పుల మీద నడిచి చూపించేవారు, ఖాళీ చేతిలోంచి విభూది రాల్చేవారు. ముందు వరసలో ఎవరైనా భక్తితో చేతులు జోడిస్తే "దణ్ణం ఎందుకయ్యా, ఇది చేతివాటం!" అని కసిరేవారు. ఒక్కతే కూతురు. ఆ అమ్మాయి పెళ్లి అమావాస్య నాడు, సరిగ్గా రాహుకాలంలో, దండలు మార్పించి చేశారు. కులం అడగలేదు, ముహూర్తం చూడలేదు. కూతురూ అల్లుడూ ఆయనతోనే ఉండేవాళ్లు, ఇద్దరికీ ఉద్యోగాలు. ఆ ఇంట్లో ఉప్మాలో జీడిపప్పు వెయ్యాలా వద్దా అన్నదానికి కూడా చర్చ పెట్టి ఓట్లు వేసుకునేవాళ్లట.

పల్స్ పోలియో ఆదివారాలు వస్తే మాస్టారు పొద్దున్నే చేతికర్రతో సెంటరుకి వచ్చేసేవారు. మా స్వామి నల్లబట్టల్లో, నేను తెల్లచీరలో, మధ్యలో మాస్టారు. మమ్మల్ని చూసి సందులో జనం నవ్వేవాళ్లు. మొదట్లో ఆయన్ని తీసుకెళ్లడం మాకు తలనెప్పే అయ్యేది. చుక్కలు వద్దన్న ఇంటికెళితే, చుక్కల సంగతి వదిలేసి దేవుడు లేడని మొదలుపెట్టేవారు. చుక్కలు వేయించుకోడానికి బయటికొచ్చిన వాళ్లు కూడా లోపలికెళ్లి తలుపేసుకునేవాళ్లు. ఒకరోజు స్వామి ఆయనకి దణ్ణం పెట్టి, "మాస్టారూ, మీరు దేవుణ్ణి తర్వాత తిట్టుకుందురుగానీ, ముందు చుక్కలు పడనివ్వండి" అన్నాడు. మాస్టారు కాసేపు ఆలోచించి ఒప్పుకున్నారు. అప్పట్నించీ ఒకే మాట అనేవారు. "దేవుడున్నాడో లేడో తీరిగ్గా తేల్చుకుందాం. సూక్ష్మజీవి మాత్రం ఉంది." ఆ మాటకి ఎన్ని తలుపులు తెరుచుకున్నాయో!

మాస్టారి గోడకి గోడ ఒక ముస్లిం కుటుంబం. ఇంటాయన ఆటోనగర్‌లో మెకానిక్కు. లారీ ఇంజను శబ్దం విని రోగం చెప్పేవాడని పేరు. ఆయన భార్య నెమ్మదస్తురాలు. ఆ రోజుల్లో ఆఫీసులో మీటింగు పెడితే మా పైవాళ్లు అడిగే మొదటి ప్రశ్న, "ముస్లిం ఇళ్లు ఎలా ఉన్నాయి?" అని. నాకు ఒళ్లు మండేది. మా సెంటరులో బుధవారం టీకాల రోజు. బుధవారం నేను తాళం తీసేసరికి మెట్ల మీద కూర్చునుండేది ఆ మెకానిక్కు భార్యే. టీకా కార్డుల్ని పాలకవర్‌లో పెట్టి, ఆ కవరు బురఖా లోపల దాచుకుని తెచ్చేది. ఇద్దరు మగపిల్లలకీ ఒక్క సూది తప్పలేదు. జ్వరం వస్తే తిట్టుకునేది కాదు, "సూది పనిచేస్తోందన్నమాట సిస్టరమ్మా" అనేది. మాస్టారు ఆ పిల్లలకి ఊరికే లెక్కలు చెప్పేవారు. మాస్టారి మనవడు సగం పూట వాళ్లింట్లోనే ఉండేవాడు.

మాస్టారి గేటు మీద పోలియో సుద్ద గుర్తు పెట్టడానికి మేం ఎప్పుడూ లోపలికి వెళ్లలేదు. మనవడు గేటెక్కి నోరు తెరిచి ఊగుతుండేవాడు, చుక్కలు వేసి చిటికెన వేలికి సిరా రాసి ముందుకు పోయేవాళ్లం. సూదులేసే కార్డు చూపించమని అడగడం మాలో ఎవరికీ తట్టలేదు. మనవాళ్ల ఇంట్లో మనం తనిఖీ చేస్తామా? మన పనిలో పెద్ద జబ్బు అదే.

ఆ ఏడు వేసవిలో బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ఇంగ్లీషు మీడియం బడి కరస్పాండెంటు కొత్త రూలు పెట్టాడు. ఎల్‌కేజీలో చేర్చుకోవాలంటే టీకా కార్డు చూపించాలి అని. నేను ఎగిరి గంతేశాను. నెల తిరక్కుండానే ఆ రూలుకి కన్నం పడింది. బందరు కాలవ అవతల ఒక ప్రార్థన బృందం ఉండేది. మందు ముట్టరు, సూది ముట్టరు, ప్రార్థనే మందు అంటారు. వాళ్ల పెద్దాయన బడికొచ్చి, టీకా తమ విశ్వాసానికి విరుద్ధమని చెప్పాడు. కరస్పాండెంటు మెత్తబడిపోయాడు. ఫీజు కట్టేవాళ్లని ఎందుకు వదులుకోవాలి? "మత విశ్వాసం కదండీ, మనం వేలు పెట్టకూడదు" అని వాళ్లందరికీ మినహాయింపు ఇచ్చేశాడు.

నేను ఊరుకుంటానా! స్వామినీ మాస్టారినీ వెంటబెట్టుకుని బడికెళ్లాను. ఆ పెద్దాయన అక్కడే ఉన్నాడు. "అయ్యగారూ, నేనూ బైబిలు చదివే మనిషినే. సూది వద్దని ఏ అధ్యాయంలో ఉందో చూపించండి, నేనూ మానేస్తాను" అన్నాను. ఆయన చిరునవ్వు నవ్వి, "నీకు విశ్వాసం తక్కువమ్మా" అన్నాడు. నా నెత్తురు ఉడికిపోయింది.

అప్పుడు మాస్టారు లేచారు. నేను అంతవరకూ విన్న ఆయన ప్రసంగాలు ఒక ఎత్తు, ఆ పది నిమిషాలూ ఒక ఎత్తు. "మూడేళ్ల పిల్లకి మతం ఏవిటయ్యా? ఆ పిల్ల వచ్చి నీతో చెప్పిందా, నాకు సూది వద్దని? నమ్మకం నీది, గొంతు పిల్లది. నీ దేవుడి పేరు చెప్పి రూలు తప్పించుకోడానికి నీకు ఎవరిచ్చారు హక్కు? రూలంటే అందరికీ రూలే!" అని బల్ల గుద్దారు. కరస్పాండెంటు నీళ్లు గ్లాసు ఇటు జరిపాడు, అటు జరిపాడు. చివరికి ఏమీ మారలేదు, మినహాయింపు మినహాయింపే. కానీ తిరిగొస్తూ నేను మాస్టారితో, "దేవుణ్ణి నమ్మకపోయినా మీరు దేవుడు పంపిన మనిషి మాస్టారూ" అన్నాను. ఆయన నవ్వి, "పంపినవాడు లేడమ్మా, నేనే నడిచొచ్చాను" అన్నారు.

జూన్ వచ్చింది. బళ్లు తెరిచిన రోజు నేను ఆ బడికెళ్లి కరస్పాండెంటు గదిలో కార్డులు చూస్తూ కూర్చున్నాను. మాస్టారి కూతురు తండ్రిని వెంటబెట్టుకుని కొడుకుని చేర్పించడానికి వచ్చింది. కొత్త బూట్లు, మెడలో నీళ్ల సీసా. నేను మురిసిపోయి, "ఏదీ, మా మాస్టారి మనవడి కార్డు ఇలా ఇవ్వు తల్లీ, అందరికంటే ముందు దీనిమీద సంతకం పెడతాను" అన్నాను. ఆ అమ్మాయి మొహం మాడిపోయింది. తండ్రి వైపు చూసింది. మాస్టారు కిటికీ వైపు చూశారు.

"కార్డు లేదమ్మా," అన్నారు.

"పోతే పోయింది, కొత్తది రాసిస్తాను మాస్టారూ. సూదులు ఎప్పుడెప్పుడు పడ్డాయో..."

"పోలేదు. వేయించలేదు."

నేను పరాచికం అనుకున్నాను. నవ్వాను కూడా. ఆయన మొహంలో నవ్వు లేదని అప్పుడు చూశాను. అమ్మ బాబోయ్! పాతికేళ్లు పిల్లలకి సూక్ష్మజీవుల పాఠం చెప్పిన మనిషి, నాతో కలిసి వంద ఇళ్ల గడప తొక్కిన మనిషి! ఊరందరికీ శకునాలు చెప్పే బల్లి తాను పోయి కుడితి తొట్టిలో పడ్డదట.

సంగతి కూతురే చెప్పింది. మాస్టారికి చాలా కాలం నించీ ఆయాసం. మందులు వాడి వాడి విసిగిపోయి, మనవడు పుట్టడానికి కాస్త ముందు ఒక ప్రకృతి ఆశ్రమానికి వెళ్లారు. ఉపవాసాలు, తడిగుడ్డ పట్టీలు, తేనె నిమ్మరసం. ఆయాసం తగ్గింది. నిజంగానే తగ్గింది, కాదనను. దాంతో మనిషి మారిపోయారు. శరీరానికి తనని తాను కాపాడుకోవడం తెలుసు, సూదితో విషం ఎక్కించడం దేనికి అని పట్టుబట్టారు. నోట్లో వేసే చుక్కలకి అభ్యంతరం లేదు, సూదికే. "ఓటింగు పెట్టారు సిస్టర్. నాన్న, మా ఆయన ఒకవైపు. నేను ఒక్కదాన్నీ ఒకవైపు. విభూది ఎక్కణ్ణించి వచ్చిందో రుజువు చెయ్యమనే మనిషి, ఆ ఆశ్రమంలో ఒక్క రుజువూ అడగలేదు" అంది ఆ అమ్మాయి, తండ్రి వింటుండగానే. ఆ అమ్మాయికీ దేవుడు లేడు. నాస్తికులంతా ఇంతేనని అనుకోకండి. మాస్టారి నాస్తిక సంఘంలో మిగతావాళ్లు పిల్లలకి గడువు దాటకుండా టీకాలు వేయించినవాళ్లే. ఈయన తా పట్టిన కుందేటికి మూడే కాళ్లు అన్నారు, అంతే.

"మాస్టారూ, మీరు సైన్సు మాస్టారు కదా!" అన్నాను, గొంతు పెరిగిపోయింది నాకు.

"సైన్సు నేర్పేది ప్రశ్నించమనే కదమ్మా."

"ప్రశ్నించండి, ఎవరు కాదన్నారు? జవాబు వచ్చాక కూడా అదే ప్రశ్న అడుగుతూ కూర్చుంటే దాన్ని భజన అంటారు!"

ఆయనకి కోపం వచ్చింది. కరస్పాండెంటు వైపు తిరిగారు. "కాలవ అవతలి వాళ్లకి దేవుడు వద్దన్నాడని వదిలేశారు. నాకు నా బుద్ధి వద్దంటోంది. నా బుద్ధి వాళ్ల దేవుడికంటే తక్కువదా? దేవుడున్నవాడికో రూలు, లేనివాడికో రూలా?"

చూశారా మెలిక? నిన్నగాక మొన్న ఆ మినహాయింపు తప్పని బల్ల గుద్దిన చెయ్యే, ఇప్పుడు దాన్ని చూపించి తనకీ ఒకటి అడుగుతోంది. కరస్పాండెంటు ఒకసారి ఇచ్చాక రెండోసారి ఎలా కాదంటాడు? ఇచ్చేశాడు. నాకు అప్పుడు అర్థమైంది, బడిలో ఆ రోజు మాస్టారు పోట్లాడింది టీకా కోసం కాదు, దేవుడి మీద. మేం ఆయన పక్కన నిలబడి మా కోసమనుకున్నాం. ఆ రోజు నించీ ఆయనతో నేను మాట్లాడటం మానేశాను. స్వామి మాత్రం కనిపిస్తే పలకరించేవాడు. "మనిషి మంచివాడు సిస్టర్" అనేవాడు. "మంచివాడైతే సూక్ష్మజీవి వదిలేస్తుందా స్వామీ?" అనేదాన్ని.

చలికాలం మొదట్లో మెకానిక్కు భార్యకి మూడో కాన్పు. ఆడపిల్ల. ఇద్దరు మగపిల్లల తర్వాత పుట్టిందని ఆ తండ్రి ఆటోనగర్ అంతా మిఠాయి పంచాడు. మా స్వామి మాలలో ఉన్నాడని ఆయనకి విడిగా అరటిపళ్లు తెచ్చిచ్చాడు. ఆసుపత్రిలోనే పిల్లకి పుట్టిన వెంటనే వెయ్యాల్సిన టీకా పడింది. తక్కిన సూదులు నెలన్నర నిండాక మొదలవుతాయని నేను చెప్పకముందే ఆ తల్లి చెప్పింది. "క్యాలెండర్లో గీత పెట్టుకున్నాను సిస్టరమ్మా, ఇంకో రెండు బుధవారాలు" అంది.

అలా అన్నరోజే. నేను వాళ్ల వరండాలో పసిదాని బరువు చూసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. గోడ అవతల నించి దగ్గు వినిపించింది. మామూలు దగ్గు కాదు. ఊపిరి తీసుకునే సందు లేకుండా దగ్గి దగ్గి దగ్గి, చివర్లో పెద్ద కూత పెట్టి గాలి లోపలికి లాగడం, వెంటనే వాంతి. ఆ కూత ఒకసారి విన్నవాళ్లు మర్చిపోరు. కోరింత దగ్గు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో విన్నాను, మళ్లీ వినలేదు. మన టీకాలే దాన్ని తరిమేశాయని గొప్పలు చెప్పుకునేదాన్ని.

"ఎవరు దగ్గుతున్నారమ్మా?" అన్నాను.

"మాస్టారి మనవడు సిస్టరమ్మా, పాపం. పదిహేను రోజులుగా అంతే. మాస్టారు తేనె పట్టిస్తున్నారు. వాడు రోజూ వచ్చి మా చెల్లి మా చెల్లి అని దీన్ని ముద్దులాడిపోతాడు. నిన్నటి నించి దీనికీ కాస్త తుమ్ములు" అంది ఆ తల్లి. నవ్వుతూ అంది.

నా ఒళ్లో పసిది దగ్గలేదు. అంత చిన్న పిల్లలకి దగ్గడం కూడా చేతకాదు తల్లుల్లారా, గుర్తుపెట్టుకోండి. మొహం ఎర్రబడింది, ఆ ఎరుపు నీలంగా మారింది, ఊపిరి ఆగిపోయింది. నేను బోర్లా తిప్పి వీపు రుద్దాను. కాసేపటికి కీచుమంది. ఆ కాసేపు ఎంతసేపో నాకు తెలీదు. ఆ తల్లి అరవను కూడా అరవలేదు, నా మోచేయి పట్టుకుని నిలబడిపోయింది. ఆటో ఎక్కించి పెద్దాసుపత్రికి పరిగెత్తించాను.

పిల్లల డాక్టరు చూస్తూనే నన్ను వరండాలోకి పిలిచారు. "చుట్టుపక్కల ఎవరికైనా దగ్గుందా?" అని అడిగారు. చెప్పాను. ఆయన తల పట్టుకున్నారు. "పెద్ద పిల్లాడు దగ్గి దగ్గి బతుకుతాడు. ఇంత చిన్నది ఎక్కడ తట్టుకుంటుంది సిస్టర్? ముందు ఆ పిల్లాడికి మందు పట్టించండి, రెండిళ్లలో అందరికీ పట్టించండి" అన్నారు. తల్లి లోపల పిల్ల మంచం దగ్గర ఉంది, తండ్రి మందుల కోసం బయటికెళ్లాడు. ఈ మాటలు వాళ్లిద్దరూ వినలేదు.

అక్కణ్ణించి నేరుగా మాస్టారింటికెళ్లాను. జూన్ తర్వాత ఆ గడప తొక్కడం అదే మొదటిసారి. మాస్టారు మనవడి ఛాతీకి తడిగుడ్డ పట్టీ కడుతున్నారు. నేను నిలబడే చెప్పాను, ఏదీ దాచలేదు. మీ వాడిది కోరింత దగ్గు. ఇది పక్కింటి పసిదానికి అంటింది. ఆ పిల్ల ఊపిరి ఆగి ఆగి వస్తోంది. మాస్టారు వింటూ పట్టీ కడుతూనే ఉన్నారు. కట్టిన ముడే మళ్లీ కట్టారు. తర్వాత లేచి, చొక్కా వేసుకుని, మనవణ్ణి ఎత్తుకుని నా వెంట వచ్చారు. ఆయాసం ఉన్న మనిషి, అంత పిల్లాణ్ణి ఎత్తుకుని, ఆసుపత్రికి ఆటో పట్టుకోడానికి బెంజ్ సర్కిల్ దాకా దించకుండా నడిచారు. కూతురు వెనక ఏడుస్తూ వచ్చింది.

మనవడు కోలుకున్నాడు. పసిది మర్నాడు పొద్దున పోయింది.

ఆ తర్వాత సంగతులు ముందే చెప్పేస్తాను, ఎందుకంటే చివర్లో చెప్పడానికి నాకు నోరు రాదు. ఆ బడిలో మినహాయింపులు తీసేశారు. తీయించింది మాస్టారే. తన మనవడికి ఇచ్చినదాన్ని ముందు రద్దు చెయ్యమని కరస్పాండెంటు ముందు కూర్చుని అడిగారు. కాలవ అవతలి పెద్దాయన కొన్నాళ్లు చిందులు తొక్కాడు. ఆయన మందలోంచే ఇద్దరు తల్లులు ఒక బుధవారం ముసుగు వేసుకుని మా సెంటరుకి వచ్చారు, నేను ఏమీ అడగకుండా పిల్లలకి సూది వేసి పంపేశాను. మాస్టారు మళ్లీ ఎప్పుడూ మాతో ఇళ్లకి రాలేదు. సంఘం సభలకీ వెళ్లలేదు. నిప్పుల మీద నడిచే మనిషి సందు చివర దాకా నడవడం కూడా మానేశారు.

పసిది పోయిన రోజు మధ్యాహ్నం నేను వాళ్లింటికెళ్లాను. మాలలో ఉన్నవాళ్లు చావింటికి రాకూడదు కాబట్టి స్వామి సందు మొదట్లోనే ఆగిపోయాడు. కళ్లు తుడుచుకుంటూ అక్కడే ఎండలో నిలబడ్డాడు. పిల్లని తండ్రే చేతుల్లో పట్టుకుని ఖబరస్తానుకి తీసుకెళ్లాడట. మాస్టారు కూడా వెనక నడిచారట. ఏ మతం తంతుకీ గడప దాటని మనిషి, మట్టి వేసేదాకా ఆ మనుషుల మధ్య తలవంచుకుని నిలబడ్డారని తర్వాత ఎవరో చెప్పారు.

నేను లోపల తల్లి దగ్గర కూర్చున్నాను. ఆ అమ్మాయి నన్ను ఒక్కటే అడిగింది. "ఏదైనా సూది మర్చిపోయామా సిస్టరమ్మా?" లేదమ్మా, ఏదీ మర్చిపోలేదు అన్నాను. "మరి?" అంది. ఆ "మరి"కి నా దగ్గర జవాబుంది, చెప్పే ధైర్యం లేదు. ఇవాళ కాదు, ఇవాళ కాదు అనుకున్నాను. మంచినీళ్లు తేవడానికి లేచి గుమ్మం దాకా వచ్చాను.

మగవాళ్లు తిరిగొచ్చారు. చుట్టాలు ఒక్కొక్కరే సెలవు తీసుకుని వెళ్లిపోయారు. మెకానిక్కు మెట్టు మీద కూలబడ్డాడు. మాస్టారు ఎదురుగా నిలబడ్డారు, చేతికర్ర లేదు, కాళ్లకి మట్టి. ఆ తండ్రే మాస్టారి చెయ్యి పట్టుకున్నాడు. బిడ్డ పోయినవాడు ఇంకొకరిని ఓదార్చాలనుకున్నాడు చూడండి.

"అంతా అల్లా మర్జీ మాస్టారూ. ఆయనే ఇచ్చాడు, ఆయనే తీసుకున్నాడు. మీరు పెద్దవారు, ఎండలో అంత దూరం నడిచారు. ఇంటికెళ్లి కాస్త పడుకోండి."

ఆ మాట తీసుకోండి మాస్టారూ, తీసుకుని ఇంటికెళ్లిపోండి అని నా దేవుణ్ణి నేను వేడుకున్నాను. ఆ ఒక్క రోజుకి అబద్ధమైనా సరే, తల ఊపితే చాలు. నిజం తర్వాత నేనే ఎప్పుడో నెమ్మదిగా చెప్పుకుంటాను.

మాస్టారు తల ఊపలేదు.

"నాకు ఆయన లేడు బాబూ," అన్నారు. "లేనివాడి మీదికి తోసేసి నేను ఇంటికి పోలేను. నీ బిడ్డకి ఆ దగ్గు మా వాడి దగ్గర్నించి వచ్చింది. డాక్టరు చెప్పారు, సిస్టరమ్మకి తెలుసు. వాడికి టీకా వద్దన్నది నేను. దేవుడు కాదు, నేను."

అతను తల తిప్పి నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. వెనక గదిలో తల్లి లేచిన చప్పుడు వినిపించింది. అతను మాస్టారి చెయ్యి వదిలేశాడు. తిట్టలేదు, కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండునని మాస్టారు అనుకుని ఉంటారు, నేనూ అనుకున్నాను. తన అరచేతులు రెండూ తిప్పి చూసుకున్నాడు, ఇంకా మట్టి ఉంది.

"అల్లా మర్జీ అనుకుంటే ఇవాళ కాకపోతే రేపైనా కన్ను మూతపడేది మాస్టారూ," అన్నాడు. "మీరు దాన్ని కూడా తీసేసుకున్నారు. ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు?"

మాస్టారు నిలబడే ఉన్నారు. అతను లేచి లోపలికెళ్లి, నేను గుమ్మం దాటి బయటికొచ్చాక తలుపు మెల్లగా వేసుకున్నాడు.